పులసకీ రొయ్యకీ మధ్య ఎర్రబడిన కోడ్

మొన్న ఆదివారం పెద్దాడు పుణె నుంచి ఫోన్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఛ, మళ్లీ రంగులు పోయాయి" అని విసుక్కున్నాడు. ఏమైంది నాన్నా అంటే, "ఎడిటర్‌లో కోడ్ కాసేపు ఒక రంగు, కాసేపు ఇంకో రంగు చూపిస్తోంది అమ్మమ్మా. నీకు చెప్పినా తెలీదులే" అన్నాడు. అదే ఫోన్‌లో హైదరాబాదు నుంచి చిన్నది కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. గొంతు పెంచి మాట్లాడడం నాకు చేతకాదని మీకు తెలుసుగా. అందుకే రాస్తున్నాను. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివితే మీకు తెల్లారిపోతుంది కాబట్టి మీ అమ్మని చదివి వినిపించమన్నాను. మధ్యలో తనకి నవ్వొచ్చి ఆగిపోతుంది. ఫరవాలేదు, ఆగనివ్వండి.

నలభై దాటాక నాకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. అంతకుముందు కలకత్తాలో, భవానీపూర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. కంప్యూటర్లు వస్తే జనం పొట్టకొడతాయని ఒకప్పుడు మా ఊళ్లో ఎర్రజెండాలు పట్టుకుని ఊరేగింపులు తీసేవాళ్లు. ఆ జెండాలు పట్టుకున్నవాళ్ల పిల్లలే తర్వాత కంప్యూటర్ కోర్సుల్లో చేరారు. మా టైపు మిషన్ల మీద గోనెపట్టాలు కప్పేశారు. ఇక చేసేదేముంది? నేనూ వెళ్లి ఆ పిల్లల పక్కనే కూర్చుని కోర్సు చేశాను. అక్కడి మాస్టరు నాకు కొడుకయ్యే వయసువాడు. నన్ను "మాషీమా" అని పిలిచేవాడు, అంటే పిన్నిగారూ అని. తప్పు చేస్తే తిట్టలేక గోడవైపు తిరిగి తల పట్టుకునేవాడు.

తర్వాత భవానీపూర్‌లోనే, ఒక మిఠాయి కొట్టుకి పైన, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తీసుకున్నారు. పొద్దున్నే కింద పాలు మరుగుతుంటే పైన మా కీబోర్డులకి కూడా సందేశ్ వాసన పట్టేది. ప్రొబేషన్ మీద తీసుకున్నారు. పని నచ్చితే పర్మనెంట్ చేస్తూ కాగితం ఇస్తామన్నారు, లేకపోతే నమస్కారం. మీ అమ్మ అప్పుడు కాలేజీలో ఉంది. మీ తాతగారిది రైల్వే జీతం. ఆ కాగితం నాకు ఎంత కావాలో వేరే చెప్పక్కర్లేదు. అయినా నిజం చెప్పాలంటే డబ్బు కోసమే కాదు. ఇన్‌స్టిట్యూట్ మూసేసిన రోజు చాలామంది నాతో "పోనీలే, ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నారు. ఆ విశ్రాంతి అనే మాట వింటే నాకు భయం వేసేది.

పనిలో నాకు ఒకటే ఊతం, రంగులు. చిన్నదానికి కంప్యూటర్ చదువు లేదు కాబట్టి కొంచెం చెబుతాను. కోడ్ అంటే యంత్రానికి రాసే ఆజ్ఞలు. వాటి మధ్యలో మనుషుల కోసం కూడా ఒకటి రెండు ముక్కలు రాసుకోవచ్చు, ఇది ఎందుకు రాశాం, ఏమిటి అని. వాటిని కామెంటు అంటారు. ముందు ఒక గుర్తు పెట్టి కామెంటు తెరుస్తారు, చివర ఇంకో గుర్తు పెట్టి మూస్తారు. ఆ రెండింటి మధ్యా ఏం రాసినా యంత్రం పట్టించుకోదు. కోడ్ రాసుకునే పలకని ఎడిటర్ అంటారు. మా ఆఫీసులో ఉన్నది నల్ల పలక, తెల్ల అక్షరాలు, అంతే. నేను కోర్సులో నేర్చుకున్న ఎడిటర్ రంగులు వేసేది. కామెంట్లు ఆకుపచ్చ, కొటేషన్ గుర్తుల మధ్య మాటలు ఎరుపు, పని చేసే కోడ్ తెలుపు. కుర్రాళ్లకి అది షోకు. నాకు మాత్రం చేతికర్ర. మేనేజరుని బతిమాలి ఆఫీసంతా దాన్నే పెట్టించాను. "మీ మాట మీదే పెడుతున్నాను దీదీ" అన్నాడాయన, కడుపు మంటకి మాత్ర చప్పరిస్తూ. కలకత్తాలో కడుపు మంట లేని మేనేజరుని నేను చూడలేదు.

ఇక మా ఆఫీసులో ఇద్దరు పెద్దలు. వాళ్ల పేర్లు మీకు అక్కర్లేదు. ఒకాయన కుటుంబం తూర్పు బెంగాల్ నుంచి వచ్చింది. ఆయనకి ఇలిష్ చేపంటే ప్రాణం. ఇలిష్ అంటే మన పులసే. ఇంకొకాయన తరతరాలుగా కలకత్తావాడు. ఆయనకి రొయ్యలే లోకం. ఈ గొడవ ఆ ఇద్దరిదే కాదు, ఆ ఊళ్లో సగం మందికీ మిగతా సగం మందికీ ఉన్న గొడవే. నేను మనసులో ఒకాయన్ని పులస దాదా అనీ, ఒకాయన్ని రొయ్యల దాదా అనీ పిలుచుకునేదాన్ని. దాదా అంటే అక్కడ అన్నగారు.

నేను చేరడానికి ముందు ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లట. రొయ్యల దాదా కూతురి పెళ్లిలో పులస దాదా పంక్తిలో కూర్చుని, "ఏమయ్యా, రొయ్యలు వండించావా, రబ్బరు చెప్పులు వండించావా?" అన్నాడట, వియ్యంకుల ముందు. అంతే, మాటలు బంద్. వీపూ వీపూ ఆనేంత దగ్గరగా కూర్చునేవాళ్లు, కానీ మధ్యలో నేను ఉండాల్సిందే.

"దీదీ, ఆయన్ని ఫ్యాను తగ్గించమను."

"దీదీ, ఆయనకి చలేస్తే మఫ్లర్ చుట్టుకోమను."

"దీదీ, మఫ్లర్ ఇంటి దగ్గరుందని చెప్పు."

"దీదీ, ఇంటికెళ్లి తెచ్చుకోమను. వెళ్లినవాడు అక్కడే ఉన్నా నాకు అభ్యంతరం లేదను."

నేను ఒక్క ముక్క కూడా చేరవేయక్కర్లేదు. మధ్యలో తల అటూ ఇటూ తిప్పితే చాలు.

అప్పుడు మేం ఓడరేవు సరుకుల ఆఫీసు ఒకదానికి ప్రోగ్రాం రాస్తున్నాం. గోదాములో సరుకు ఎన్నాళ్లుంటే ఎంత అద్దె, ఆ లెక్కలన్నమాట. చివరికి కోడ్ మొత్తం వాళ్లకే అప్పజెప్పాలి. అందుకని మేనేజరు ఒక నియమం పెట్టాడు. ఎవరు ఎక్కడ ఏం మార్చినా పక్కనే కామెంటులో కారణం రాయాలి. ఆయన కోడ్ చదివేవాడు కాదు, కామెంట్లు ఎక్కువున్నాయా లేదా అన్నదే చూసేవాడు. ఆకుపచ్చ ఎంత ఎక్కువ కనిపిస్తే అంత సంతోషం.

అంతా బాగా నడుస్తుండగా ఒకరోజు రొయ్యల దాదా, "దీదీ, ఇటు రా. నా కోడ్‌కి ఏమైంది?" అన్నాడు. చూస్తే ఆయన స్క్రీను నిండా ఎరుపు. తెల్లగా ఉండాల్సిన లెక్కలన్నీ గోరింటాకు పెట్టుకున్నట్టున్నాయి. నేను వెళ్లి నా మిషన్‌లో అదే ఫైలు తెరిచాను. తెల్లగా ఉంది! పులస దాదా దగ్గర తెలుపే. వెనక్కి వచ్చి చూస్తే రొయ్యల దాదా దగ్గర కూడా తెలుపే. మధ్యాహ్నానికి మళ్లీ ఎరుపు.

"ఎరుపైతే ఏం దీదీ, ఈ ఊళ్లో ఎరుపు ఎప్పుడు తప్పయింది?" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏది పని చేసే కోడో, ఏది కాదో రంగు చూసి తెలుసుకునేదాన్ని నేను. ఊతకర్రే అబద్ధం చెబితే ఎలా నడవను?

ముందు మానిటర్ మీద అనుమానపడ్డాను. ఇద్దరి మానిటర్లూ మార్చాను. ఎరుపు అక్కడే ఉంది. వైరు మార్చాను. ఎడిటర్ తీసేసి మళ్లీ పెట్టాను. వానాకాలం చెమ్మ అని పులస దాదా అన్నాడు. ఆయన చెమ్మ అన్నాడు కాబట్టి చెమ్మ కానే కాదని రొయ్యల దాదా అన్నాడు. మేనేజరు మాత్రం చేతిలో మాత్ర అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా చెప్పాడు.

"శనివారం ఓడరేవు ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారు. కోడ్ గోడమీది పెద్ద తెరమీద చూపించాలి. అప్పటికి ఈ హోలీ ఆగకపోతే పాత ఎడిటరే పెట్టేద్దాం. మీ కాగితం సంగతి కూడా అప్పుడే చూద్దాం దీదీ."

ఆయన చెడ్డవాడు కాదు. "చూద్దాం" అన్నప్పుడు నా మొహం చూడలేక కిటికీలోంచి చూశాడు.

ఆ రాత్రి హౌరా టికియాపారాలో మా రైల్వే క్వార్టర్‌లో కంచం ముందు కూర్చుని దిగులుగా ఉన్నాను. మీ ముత్తవ్వ, అంటే మా అత్తగారు, శ్రీకాకుళం నుంచి వచ్చి హౌరాలో ముసలైపోయినా మాట మాత్రం మార్చుకోలేదు.

"ఏటే పాపా, అన్నం కెలుకుతన్నావు?"

"ఆఫీసులో రంగులు సరిగ్గా రావట్లేదు అత్తమ్మా."

"ఓలమ్మ, రంగులేత్తన్నావా? నానింకా కంపూటరనుకున్నాను. గోడలకా, తలుపులకా?"

"అక్షరాలకి."

"నల్లసిరాతో రాత్తే సరిపోదేటి?" అంది. మేనేజరుదీ ఆవిడదీ ఒకటే అభిప్రాయం.

మర్నాడు బస్సులో తెలిసింది నాకు విషయం. రోజూ హౌరా స్టేషన్ దగ్గర మినీబస్సెక్కి సీటు పట్టుకునేదాన్ని. ఆ రోజు వంతెన మీద బస్సు ఆగిపోతే దిగి నడిచి, అవతల ఇంకో బస్సు పట్టుకున్నాను. "ఆస్తే, లేడీస్!" అని కండక్టరు అరిచాడు, మెల్లగా పోనీయ్, ఆడమనిషి ఎక్కుతోంది అని. లోపల అడుగు పెట్టానో లేదో, వెనక సీట్లోంచి ఒకాయన ఉరిమాడు.

"నా తమ్ముణ్ని చంపి నా ఇంట్లోనే అన్నం తిన్నావు! ఈ రోజు నిన్ను వదలను!"

"చంపాను! మళ్లీ చంపుతాను!" అని పక్కాయన.

నేను దిగిపోదామని వెనక్కి తిరిగాను. నాతోపాటు ఎక్కినావిడ నా చెయ్యి పట్టుకుంది. కానీ విచిత్రం, బస్సులో మిగతావాళ్లు హాయిగా వేరుశెనగలు తింటున్నారు. కండక్టరు టికెట్లు చింపుతూ, "భయపడకు దీదీ. వీళ్లు నాటకాలవాళ్లు. హౌరాలో ఎక్కినప్పుడే చెప్పారు, రిహార్సల్ చేసుకుంటామని. మధ్యలో ఎక్కినవాళ్లందరూ ఇలాగే బెదిరిపోతున్నారు" అన్నాడు.

మధ్యలో ఎక్కినవాళ్లు!

నేను ఆ ముక్క పట్టుకుని భవానీపూర్ వరకూ నిలబడే వెళ్లాను. ఆఫీసుకి వెళ్లగానే నా పని మానేసి, వాళ్లిద్దరూ ఫైలు ఎలా తెరుస్తారో చూస్తూ కూర్చున్నాను. పులస దాదా దినపత్రిక చదివినట్టు మొదటి పేజీ నుంచి ఒక్కొక్క పేజీ దిగుతూ వస్తాడు. ఆయన దగ్గర అంతా తెలుపు. రొయ్యల దాదాకి ఓపిక లేదు. లైను నంబరు కొట్టి ఒక్క దూకు దూకుతాడు. ఆయన దగ్గర ఎరుపు. రంగు ఫైల్లో లేదు పిల్లలూ, ఎటునుంచి వచ్చామన్న దాంట్లో ఉంది.

ఎడిటర్ కూడా నాలాగా మధ్యలో బస్సెక్కుతోంది. దూకి వచ్చినప్పుడు అది మొదటి నుంచీ చదవదు, టైము పడుతుందని. కొంచెం వెనక్కి మాత్రం తొంగి చూసి, ఇది కోడా, కామెంటా అని ఊహించి రంగు వేస్తుంది. మామూలుగా ఆ కొంచెం సరిపోతుంది. ఎందుకంటే బుద్ధున్నవాళ్లెవరూ అంత పొడుగు కామెంటు రాయరు. అయితే మా ఫైల్లో ఎవరో రాసి ఉండాలి.

వెతికాను. దొరికింది.

గోదాము అద్దె లెక్కకి కొంచెం పైన ఒక కామెంటు మొదలవుతుంది. మొదటి లైను రొయ్యల దాదాది. "అద్దె రేటు మార్చాను, కారణం కొత్త నియమం." దాని కింద పులస దాదాది. "నియమం సరిగ్గా చదవలేదు. కళ్లు రొయ్యల మీద ఉన్నట్టున్నాయి." దాని కింద, "రొయ్యకి ముళ్లుండవు. తినేవాడు బతికి బయటపడతాడు." దాని కింద, "ముల్లు తీసుకోవడం చేతకానివాడికి పులస ఎందుకు?" ఇలా బెంగాలీ మాటలు ఇంగ్లీషు అక్షరాలతో పేజీలకి పేజీలు. ఒకరి మాట ఒకరు కొటేషన్లలో పెట్టి ఎత్తిపొడుచుకున్నారు. కోపంలో కొన్ని కొటేషన్లు తెరిచి మూయనేలేదు. నోటితో మాట్లాడుకోనివాళ్లు అక్కడ అడ్డా పెట్టుకున్నారన్నమాట. అడ్డా అంటే పని లేని కబుర్లు. కలకత్తాలో పని కంటే ముఖ్యమైనవి.

దూకి వచ్చిన ఎడిటర్ ఈ అడ్డా మధ్యలో దిగేది. ఇది కామెంటని దానికెవరు చెబుతారు? కోడ్ అనుకునేది. మూయని కొటేషన్ ఒకటి కనబడగానే, ఇక్కణ్నుంచి అంతా కొటేషనే అనుకుని, కింద ఉన్న అసలు కోడ్‌కి కూడా ఎరుపు పులిమేది.

కామెంటు అంత పొడుగు ఎందుకైంది? ఒకళ్ల మాట అయ్యాక మూసి, రెండోవాళ్లు కొత్తది తెరిస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ వాళ్లిద్దరికీ ఎవరూ చెప్పకుండా ఒక పట్టింపు వచ్చేసింది. మూసినవాడు ఓడిపోయినట్టు. అందుకని ప్రతివాడూ తన మాట తెచ్చి, చివరి గుర్తుని ఇంకా కిందకి తోసి, దానికి పైన ఇరికించేవాడు. ఒకే కామెంటు, ఒకే మూత, లోపల ఇద్దరు మగవాళ్లు.

ముందు ఎవరినీ కదపకుండా చూద్దామనుకున్నాను. ప్రతిసారీ మొదటి నుంచీ చదవమని ఎడిటర్‌కి చెప్పే వీలుంది. చెప్పాను. మా పాత మిషన్లు మూలిగాయి. ఒక అక్షరం కొడితే, అది స్క్రీను మీదకి వచ్చేలోపు కిందకెళ్లి ఒక సందేశ్ తిని రావచ్చు. తీసేశాను. తర్వాత నేనే చల్లగా ఆ కామెంటుని అక్కడక్కడా మూసి, మళ్లీ తెరిచి, ముక్కలు చేశాను. రంగులు చక్కబడ్డాయి. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లాను.

మర్నాడు మళ్లీ ఎరుపు! చూస్తే నేను పెట్టిన మూతలన్నీ పీకేసి ఉన్నాయి.

"దీదీ, ఎవరో నా మాట తర్వాత మూసేశారు" అన్నాడు పులస దాదా గంభీరంగా. "నేను ఓడిపోయానని కొందరు అనుకుంటారు. తీసేశాను."

"దీదీ, కొందరు అనుకోవడం కాదు, ఊరంతా అనుకుంటోందని చెప్పు" అని వెనక నుంచి రెండోవారు.

నేను ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గొంతు పెంచలేదు. "దాదా, మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను. శనివారం రంగు తప్పితే నా ఉద్యోగం ఉండదు. చేపలు రేపు కూడా ఉంటాయి" అన్నాను. ఇద్దరికీ మొహాలు వాడిపోయాయి. మంచివాళ్లు కదా.

"నీ కోసం మూసేస్తాను దీదీ. ఆయన్ని ఆ రబ్బరు చెప్పుల మాట ఒక్కటి వెనక్కి తీసుకోమను, చాలు."

"నీ కోసం ఏదైనా తీసుకుంటాను దీదీ, అబద్ధం తప్ప. అవి రబ్బరు చెప్పులే."

శనివారం వచ్చింది. ఆఫీసరు రావడం ఆలస్యమైంది. రోడ్డు మీద ఊరేగింపు. ఎర్రజెండాలు మా కిటికీ కిందనుంచే పోతున్నాయి. నేను ఒక ఉపాయం వేసుకున్నాను. మిషన్ నేనే నడుపుతాను, మొదటి నుంచి పేజీ పేజీ దిగుతాను, రంగులు నిలుస్తాయి, అడ్డా వచ్చినచోట గబగబా దాటేస్తాను. చిన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. కీబోర్డు మీద వేళ్లు జారుతున్నాయి.

ఆయన చెమట కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. తెల్ల పంచె, మందపాటి కళ్లద్దాలు. నీళ్లు తాగి, "మొదటి నుంచి వద్దు. నాకు టైము లేదు. గోదాము అద్దె ఎక్కడ లెక్కేస్తున్నారో నేరుగా అక్కడికి పదండి" అన్నాడు.

నేరుగా!

మేనేజరు నావైపు చూశాడు. నేను దాదాలవైపు చూశాను. వాళ్లు ఫ్యానువైపు చూశారు. లైను నంబరు కొట్టాను. గోడంతా ఎర్రబడింది.

"ఆరే!" అన్నాడు ఆఫీసరు. "రోడ్డు మీదా ఎరుపే, గోడ మీదా ఎరుపేనా? ఏమిటిది, ఇదంతా పని చెయ్యదా?"

అంతే, ఆ ఇద్దరూ ఒకేసారి లేచారు. "చేస్తుంది సార్!" "బ్రహ్మాండంగా చేస్తుంది సార్!" తమ లెక్కని మాటంటే మాత్రం ఊరుకోరు.

"మరి ఎరుపెందుకు?"

మేనేజరు జేబులో మాత్ర కోసం తడుముకుంటున్నాడు. చెప్పకపోతే ఎడిటరూ పోతుంది, నేనూ పోతాను. చెబితే వీళ్ల పరువు గోడకెక్కుతుంది. నేను మెల్లగా, "ఎడిటర్ మధ్యలో బస్సెక్కింది సార్" అన్నాను. బస్సు సంగతి చెప్పాను. నాటకాలవాళ్ల సంగతి చెప్పాను. పైన ఒక కామెంటు కొంచెం పొడుగైందని మాత్రమే చెప్పాను.

"ఎంత పొడుగు? చూపించండి."

పైకి జరిపాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు, పైకే. "రొయ్యకి ముళ్లుండవు..." ఒక పేజీ అయింది. ఇంకో పేజీ. మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. ఆఫీసరు భుజాలు కదలడం చూసి ముందు కోపమనుకున్నాను. కాదు, నవ్వు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అన్నాడు.

"ఇంకా ముగియలేదు సార్. అందుకే రంగులు పోతున్నాయి" అన్నాను.

"అయితే ముగించండి. ఇప్పుడే, నా ముందు."

దాదాలు కదల్లేదు. ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి నిలబడ్డారు. ఆఫీసరు వేలు నావైపు తిప్పాడు. "మీరు చెప్పండి. మీరు ఈ రెండు పక్షాలవారూ కాదు. ఇలిషా? రొయ్యా?"

పిల్లలూ, నాకు ఎవరూ అంత కష్టమైన ప్రశ్న ఎప్పుడూ వెయ్యలేదు. పులస అంటే ఒకరు పోతారు, రొయ్య అంటే ఇంకొకరు. నాకు తోచింది నిజం చెప్పడమే.

"మాది శ్రీకాకుళం వైపు సార్. మా ఇంట్లో ఎండు నెత్తళ్లు. వంకాయతో."

ఇద్దరు దాదాలూ ఒకే గొంతుతో, ఒకే ఊపిరితో అరిచారు. "ఛీ ఛీ! శుట్కి!" శుట్కి అంటే ఎండుచేప. తూర్పు బెంగాల్‌లో కొందరు ఇష్టంగా తింటారు కానీ, ఆ వాసన పక్క వీధిలో వచ్చినా ఈ ఇద్దరూ ముక్కు మూసుకుని దారి మార్చుకుంటారు.

పులస దాదా గిర్రున వెనక్కి తిరిగాడు. "విన్నావా?"

"విన్నాను," అన్నాడు రొయ్యల దాదా. "మన మధ్యే కూర్చుని ఇన్నాళ్లూ టిఫిన్ తింది!"

"నీ డబ్బా పక్కనే పెట్టుకునేది!"

"నీ డబ్బాకి ఇంకా దగ్గర!"

నన్ను మధ్యలో పెట్టుకోకుండా వాళ్లు మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు. వాళ్లు ఇంకా గమనించలేదు. గమనించేలోపు నేను కామెంటు చివరికి వెళ్లి ఒక లైను కొట్టాను. "అన్నిటికంటే ఎండు నెత్తళ్లు గొప్ప." కొట్టి, మూత పెట్టేశాను. వాళ్ల పాత మాటల మధ్య కూడా ఎక్కడికక్కడ మూతలు పెట్టుకుంటూ వచ్చాను. ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. ఓడిపోయింది వాళ్లిద్దరిలో ఎవరూ కాదు కదా.

తర్వాత లైను నంబరు కొట్టి దూకాను. గోడ తెల్లబడింది.

సోమవారం మేనేజరు నా బల్ల మీద కాగితం పెట్టాడు. "ఎడిటర్ ఉండనివ్వండి దీదీ," అని ఒక అడుగు వేసి ఆగి, "కామెంట్లు మాత్రం ఇకనుంచి నేను కూడా చదువుతాను" అన్నాడు. పాపం, ఆయనకి ఆ రోజు నుంచి కడుపు మంట పెరిగింది. దాదాలు అడ్డా మానలేదు. కాకపోతే ఎవరి మాట వాళ్లే తెరిచి, వాళ్లే బుద్ధిగా మూసేవారు. ఆ రాతల్లో సగం నా ఎండుచేపల మీదే.

పెద్దాడా, నీ రంగులు పోతే ముందు మిషన్‌ని తిట్టకు. దూకావా, నడిచి వచ్చావా చూసుకో. నడిచి వస్తే చక్కబడుతున్నాయంటే, పైన ఎక్కడో ఎవరో మాట మొదలుపెట్టి మూయకుండా ఉంచారు. వెతుక్కో. ఆ మనిషి దొరికితే కోప్పడకు, భోజనానికి పిలువు.

నేను అలాగే పిలిచాను. ఒక ఆదివారం ఇద్దరూ కలిసి టికియాపారా వచ్చారు, ఒకే రిక్షాలో, జేబురుమాళ్లు ముక్కులకి అడ్డం పెట్టుకుని. తినడానికి కాదు, నేను అబద్ధం చెప్పలేదని నిర్ధారించుకోవడానికి వచ్చామన్నారు. మా అత్తగారు వంకాయ, ఎండు నెత్తళ్లు వండి ఆకుల్లో వడ్డించింది.

"ఏటి బాబూ, ముక్కు మూసుకుని కూకున్నారు? ముక్కుతో తింతారేటి మీ దేశంలో?" అంది.

వాళ్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థమైనట్టు తలలూపారు. రొయ్యల దాదా వేలి చివర అంత మెతుకు కలిపి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత ఇంకాస్త. జేబురుమాలు కిందపడిపోయింది, తీసుకోలేదు. పులస దాదా ఆయన ఆకువైపు ఓరగా చూసి తనూ మొదలుపెట్టాడు. మా అత్తగారు అడక్కుండానే మళ్లీ వడ్డించింది. ఎవరూ వద్దనలేదు.

చేతులు కడుక్కునేటప్పుడు పులస దాదా నా దగ్గరకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"దీదీ, ఇది మాత్రం ఏ కామెంటులోనూ రాయకు."

వెనక నుంచి రొయ్యల దాదా, "రాసినా వెంటనే మూసెయ్యి" అన్నాడు.